ఏపీనా, డ్యూయల్ క్రెడిటా? చెరిగే మార్కు, చెరగని మార్కు

ఫిబ్రవరి వచ్చిందంటే డాలస్‌కు ఉత్తరాన మా ఊళ్లలో, అంటే ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు, తెలుగువాళ్లు కలిసిన చోటల్లా ఒకటే మాట: "మీవాడు ఎన్ని ఏపీలు తీసుకుంటున్నాడు?" హైస్కూలు పిల్లలు వచ్చే ఏడాది కోర్సులు ఎంచుకునే రోజులవి. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు మొదటిసారి ఈ మాట విని, ఆంధ్రప్రదేశ్ గురించి ఏదో వాదన నడుస్తోందనుకున్నారు. ఆవిడ అనుమానం ఒక్క నిమిషంలో తీరింది. ఏపీ పెట్టించాలా, డ్యూయల్ క్రెడిట్ పెట్టించాలా అన్న నా అనుమానం తీరడానికి మాత్రం మా పెద్దమ్మాయి నాలుగేళ్ల హైస్కూలు చదువు పట్టింది.

ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాలేజ్ బోర్డ్ 1950ల మధ్య నుంచి నడుపుతోంది. పాఠం హైస్కూల్లోనే, ఏడాది పొడవునా. మే నెలలో ఇంచుమించు మూడు గంటల పరీక్ష. స్కోరు 1 నుంచి 5 వరకు. మంచి స్కోరుకు చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి, అంటే ఆ కోర్సు తమ దగ్గర చదివినట్టే లెక్కవేస్తాయి. డ్యూయల్ క్రెడిట్ పద్ధతి వేరు. పిల్లవాడు హైస్కూల్లో ఉంటూనే కమ్యూనిటీ కాలేజీలో, అంటే స్థానికంగా ఉండే రెండేళ్ల కాలేజీలో, విద్యార్థిగా నమోదవుతాడు. చదివిన ఒక్క కోర్సు హైస్కూలు లెక్కలోకీ వస్తుంది, కాలేజీ లెక్కలోకీ వస్తుంది. టెక్సస్‌లో వాడే పేరిది. చాలా రాష్ట్రాల్లో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. వాషింగ్టన్‌లో రన్నింగ్ స్టార్ట్, ఒహాయోలో కాలేజ్ క్రెడిట్ ప్లస్. మినెసోటాలోనైతే 1985 నుంచే ఉంది.

మనవాళ్ల మనసు సహజంగా ఏపీ వైపే మొగ్గుతుంది. కారణం వెతకనక్కర్లేదు. మనం పదహారేళ్లకే జూనియర్ కాలేజీ మెట్లెక్కి, ఏడాదంతా చదివి, ఒక్క పరీక్షలో తేల్చుకున్నవాళ్లం. ఇంటర్, ఎంసెట్ దాటి వచ్చినవాళ్లకు మే నెల పరీక్ష, ఒక అంకె స్కోరు కొత్తేమీ కాదు. డ్యూయల్ క్రెడిట్ అలా నడవదు. వారం వారం వ్యాసం, క్విజ్, చర్చలో రాయాల్సిన నాలుగు మాటలు, మధ్యలో పరీక్ష, చివర పరీక్ష, అన్నీ గ్రేడులో కలుస్తాయి. కిరాణా కొట్టు ఖాతాలాగా ప్రతి చిన్న బాకీ పద్దులోకి ఎక్కుతుంది. పైగా హైస్కూల్లో ఏడాది సాగే పాఠాన్ని కాలేజీవాళ్లు ఒక సెమిస్టరులో, పదహారు వారాల్లో ముగిస్తారు.

ఈ రెండింటినీ పోల్చేటప్పుడు అందరూ కష్టం ఎంత, ఖర్చు ఎంత అని అడుగుతారు. నేను ముందుగా అడిగేది, తప్పితే ఏమవుతుంది అని.

ఏపీలో తప్పితే పుట్టి మునగదు. మా అమ్మాయి పదకొండో తరగతిలో అమెరికా చరిత్ర ఏపీ రాసి 2 తెచ్చుకుంది. రెండు రోజులు ముఖం ముడుచుకుంది, అంతే. దరఖాస్తుల్లో ఆ స్కోరు చెప్పలేదు. కాలేజ్ బోర్డ్ నుంచి అధికారికంగా స్కోర్లు పంపేటప్పుడు కూడా, వద్దనుకున్న దాన్ని ఫలానా కాలేజీకి పంపవద్దని అడగవచ్చు. పూర్తిగా రద్దు చేయమనీ అడగవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది: చెరిగిపోయేది మే నెల పరీక్ష స్కోరు మాత్రమే. క్లాసులో హైస్కూలు టీచరు ఇచ్చిన గ్రేడు ట్రాన్స్‌క్రిప్టులో, అంటే మార్కుల పత్రంలో, ఉంటుంది, తరగతి ర్యాంకులో కలుస్తుంది. అయినా పట్టా చేతికొచ్చి కాలేజీలో చేరాక హైస్కూలు గ్రేడు అడిగేవాళ్లు అరుదు.

డ్యూయల్ క్రెడిట్‌లో వచ్చిన గ్రేడు కాలేజీ ట్రాన్స్‌క్రిప్టులోకి ఎక్కుతుంది. పదహారేళ్ల వయసులో మొదలైన ఆ కాగితం జీవితాంతం వెంట ఉంటుంది. మధ్యలో వదిలేసినా డబ్ల్యూ (విత్‌డ్రా) అన్న అక్షరం మిగిలిపోతుంది. మా స్నేహితురాలి కొడుకు తెలివైనవాడే. పన్నెండో తరగతిలో సాకర్, ఉద్యోగం, కాలేజీ దరఖాస్తులు అన్నీ మీద పడిన సెమిస్టరులో డ్యూయల్ కాలిక్యులస్‌లో సి వచ్చింది. చేరిన యూనివర్సిటీ క్రెడిట్ తీసుకుంది, గ్రేడును తన జీపీఏలో, అంటే గ్రేడుల సగటులో, కలపలేదు. చాలా యూనివర్సిటీలు అంతే. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాలుగేళ్ల తర్వాత ఆ అబ్బాయి మెడికల్ కాలేజీలకు దరఖాస్తు పెట్టాడు. ఏఎంసీఏఎస్ అనే ఉమ్మడి దరఖాస్తులో హైస్కూల్లో ఉండగా చదివిన కాలేజీ కోర్సులు సైతం చూపాలి, ఆ ట్రాన్స్‌క్రిప్టు తెప్పించాలి. ఆ గ్రేడు సైన్స్, గణితం జీపీఏలో కలుస్తుంది. మరచిపోయిన సి మళ్లీ లేచి కూర్చుంది. పిల్లలను డాక్టర్లను చేయాలనుకునే ఇళ్లు మనలో ఎన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు. వాళ్లలో ఈ సంగతి ముందుగా తెలిసినవాళ్లు మాత్రం నాకు తక్కువే కనిపించారు.

అయితే డ్యూయల్ క్రెడిట్ వదిలేయాలా? టెక్సస్‌లో ఉండి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలోనే చదివే ఆలోచన ఉంటే వదులుకోవడం నష్టం. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలన్నిటికీ 42 క్రెడిట్ గంటల కోర్ కరిక్యులం, అంటే అందరూ చదవాల్సిన సాధారణ కోర్సుల జాబితా, ఉంది. కమ్యూనిటీ కాలేజీలకు, చాలా యూనివర్సిటీలకు ఉమ్మడి కోర్సు నంబర్లు ఉన్నాయి. ఇంగ్లిష్ 1301, 1302, చరిత్ర 1301, 1302 ఇక్కడ పూర్తిచేస్తే అక్కడ చెల్లుతాయి. కాలిన్ కాలేజీలో చదివినా ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీలో చదివినా నంబరు అదే. మే నెలలో జాతకం బాగుండాలన్న బెంగ లేదు. సి లేదా అంతకంటే మంచి గ్రేడు వస్తే క్రెడిట్ చేతికొచ్చినట్టే. ఏపీకీ ఇక్కడ విలువ ఉంది. 2015 నాటి చట్టం ప్రకారం, గట్టి కారణం చూపితే తప్ప, ప్రభుత్వ యూనివర్సిటీలు 3 స్కోరుకే క్రెడిట్ ఇవ్వాలి. కానీ టెక్సస్ పట్టాకు అమెరికా రాజ్యాంగంతో పాటు టెక్సస్ రాజ్యాంగం కూడా చదవాలి. టెక్సస్ ప్రభుత్వం అన్న సబ్జెక్టుకు ఏపీ పరీక్షే లేదు! ఏపీ గవర్నమెంట్‌లో 5 తెచ్చుకున్న పిల్లలు కూడా ఆ రెండో కోర్సు కోసం మళ్లీ ఎక్కడో ఒక చోట కూర్చోవాల్సిందే. 2306 నంబరు డ్యూయల్ కోర్సు ఉన్నది అందుకే.

రాష్ట్రం దాటితే లెక్క తిరగబడుతుంది. ఏపీ ఫిజిక్స్‌లో 5 అంటే కాలిఫోర్నియాలోనైనా మసాచుసెట్స్‌లోనైనా అర్థం ఒకటే. ఫలానా కమ్యూనిటీ కాలేజీలో 'ఏ' (A) గ్రేడు అంటే, ఆ పాఠం ఎంత లోతుగా చెప్పారో దూరాన ఉన్నవాళ్లకు తెలియదు. నిజానికి దగ్గర ఉన్నవాళ్లకూ తెలియదు. డ్యూయల్ క్లాసు కొన్నిసార్లు కాలేజీ క్యాంపస్‌లో ప్రొఫెసరు చెబుతారు. చాలాసార్లు అదే హైస్కూల్లో, మాస్టర్స్ పట్టా, ఆ సబ్జెక్టులో 18 గ్రాడ్యుయేట్ గంటలు ఉన్న హైస్కూలు టీచరే చెబుతారు. పేరు ఒకటే, అనుభవం రెండు రకాలు.

పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఇంకో తమాషా. ఏపీలు లేకపోతే అడ్మిషన్ కష్టం, చేరాక వాటికి క్రెడిట్ దక్కడమూ కష్టం. కాల్‌టెక్ ఏపీకి క్రెడిట్ ఇవ్వదు. డార్ట్‌మత్ 2018లో పట్టా పొందిన బ్యాచ్ నుంచి మానేసింది. ఎంఐటీ కాలిక్యులస్ బీసీలో (ఏపీ కాలిక్యులస్ రెండింటిలో పైదానిలో) 5 వస్తే మొదటి కాలిక్యులస్ కోర్సుకు ఇస్తుంది కానీ, చాలా ఏపీలను పట్టించుకోదు. అలాంటి చోటికి గురిపెట్టిన పిల్లలు పన్నెండు ఏపీలు రాసి ఏడాది ఫీజు మిగుల్చుకుందామనుకుంటే ఆశాభంగం తప్పదు. వాళ్లకు డ్యూయల్ అక్కరకొచ్చే సందర్భం ఒకటుంది. పదకొండో తరగతికే కాలిక్యులస్ బీసీ ముగించిన పిల్లలకు ఆ పైన ఏపీలో గణితం లేదు. మల్టీవేరియబుల్ కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా కావాలంటే కాలేజీ గుమ్మం తొక్కాల్సిందే.

ర్యాంకు గొడవ టెక్సస్‌కు ప్రత్యేకం. యూటీ ఆస్టిన్‌లో, అంటే ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో, 2026 ఫాల్ సెమిస్టరు నుంచి హైస్కూలు తరగతిలో పైనున్న 5 శాతం మందికే నేరుగా ప్రవేశం. అంతకుముందు 6 శాతం. కాబట్టి జీపీఏలో ఒక్కో దశాంశానికీ పోటీ. కొన్ని స్కూలు జిల్లాల్లో ఏపీకి, డ్యూయల్‌కు ఒకే వెయిటేజీ. కొన్నింటిలో డ్యూయల్‌కు తక్కువ. పక్కింటి పిల్లవాడి అనుభవం అడిగి లాభం లేదు. మీ జిల్లా కోర్సు గైడ్ తెరిచి చూడండి.

ఖర్చు సంగతి త్వరగా ముగుస్తుంది. చాలా ఏపీ పరీక్షలు ఒక్కొక్కటి సుమారు 100 డాలర్లు. డ్యూయల్ ఖర్చు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫ్లోరిడాలో ప్రభుత్వ స్కూలు పిల్లలకు ఫీజు లేదు. టెక్సస్‌లో 2023 చట్టం తర్వాత, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు ఆ చట్టం తెచ్చిన పథకంలో చేరిన కాలేజీల్లో ఉచితం. సాఫ్ట్‌వేర్ జీతాలవాళ్లకు అది వర్తించదు. అయినా యూటీ ఆస్టిన్‌లో రాష్ట్ర విద్యార్థికే ఏడాదికి సుమారు 11 వేల నుంచి 13 వేల డాలర్ల ట్యూషన్ పడుతుంది. ఒక సెమిస్టరు తగ్గినా చిన్న మాట కాదు. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా మీద, ఉన్న పిల్లలకు ఇందులో డబ్బు కంటే పెద్ద విషయం ఉంది. 21 ఏళ్లు నిండితే ఆ వీసా చెల్లదు. పద్దెనిమిదికి కాలేజీలో చేరినవాళ్లకు మూడేళ్లలో ముగించగలగడం, నాలుగేళ్లు పట్టడం ఒకటి కాదు. ఆ ఇళ్లలో క్రెడిట్ల కోసం డ్యూయల్ ఎక్కువగా తీసుకుంటే నేను తప్పుపట్టను.

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అనే మూడో దారీ ఉంది. జెనీవాలో 1968లో మొదలైన పద్ధతి, 45 పాయింట్ల డిప్లొమా, 4,000 పదాల వ్యాసం. రాయడం ఇష్టమైన పిల్లలకు గొప్ప చదువు. కానీ అది నచ్చిన సబ్జెక్టు ఏరుకునే ఏర్పాటు కాదు, రెండేళ్ల పూర్తి భోజనం. అందుకే ఈ పోలికలో దాన్ని పక్కన పెడుతున్నాను.

మా ఇంట్లో చివరికి తేలింది ఇది. పిల్ల ముందుముందు ఏ రంగంలో నిలబడాలో ఆ సబ్జెక్టు ఏపీలో. పట్టాకు అవసరమే కానీ మనసు లేని సబ్జెక్టు, 'ఏ' (A) గ్రేడు ఖాయమనిపిస్తే, డ్యూయల్‌లో. మా అమ్మాయి కెమిస్ట్రీ, కాలిక్యులస్ ఏపీలో చదివింది. ఇంగ్లిష్ రెండూ డ్యూయల్‌లో ముగించింది. మే నెలలో చెమటలు పట్టే పిల్లే కానీ, వారం వారం వ్యాసం రాయమంటే గడువుకు ముందు రోజే ఇచ్చేస్తుంది. యూటీలో ఏపీ స్కోరుకు క్రెడిట్ తీసుకోవాలో వద్దో విద్యార్థే తేల్చుకోవచ్చు. తను కాలిక్యులస్ క్రెడిట్ తీసుకోకుండా మళ్లీ మొదటి నుంచి చదివింది. నాకు అప్పుడు కడుపు మండింది. తర్వాత రెండో కోర్సులో తోటివాళ్లు తడబడుతుంటే తను నిలదొక్కుకోవడం చూసి నోరు మూసుకున్నాను.

డ్యూయల్ నాకు కూడా ఒక పాఠం చెప్పింది. మొదటి వ్యాసానికి తక్కువ మార్కులు వచ్చాయని, ఎప్పటి అలవాటు ప్రకారం నేనే ప్రొఫెసరుకు మెయిల్ రాశాను. ఎంతో మర్యాదగా ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది, ఈ సంగతి మీ అమ్మాయితో మాట్లాడతానని. కాలేజీలో నమోదయ్యాక చదువు వివరాల మీద హక్కు, పదహారేళ్లయినా సరే, విద్యార్థిదే. అమ్మాయి మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు మా చిన్నవాడి వంతు. వాడు అక్కకు పూర్తి విరుద్ధం. ఆదివారం రాత్రి పదకొండు దాకా పుస్తకం తీయడు, పరీక్ష రోజు మాత్రం పులి. అందుకని కాగితంలో అన్నీ ఏపీలే పెట్టాం. డ్యూయల్‌లో ఒక్క టెక్సస్ ప్రభుత్వం మాత్రం, అదీ పదకొండో తరగతి అయ్యాక వేసవిలో. ఐదారు వారాల కోర్సు, రోజూ ఏదో ఒకటి అప్పజెప్పాలి, చేతిలో ఇంకో సబ్జెక్టు ఉండదు, స్నేహితుల్లో సగం మంది ఇండియాలో ఉంటారు. మేము కూడా ఆ ఏడాది టిక్కెట్లు కొనడం లేదు. వాడికి ఇంకా చెప్పలేదు.