విశాఖ నుంచి గన్నవరం: ఆకాశంలో ముప్పావు గంట, నేల మీద మూడున్నర గంటలు

విశాఖపట్నం, విజయవాడ (గన్నవరం) విమానాశ్రయాల మధ్య గగనమార్గాన దూరం సుమారు 290 కిలోమీటర్లు. రైలు మార్గాన ఆ రెండు ఊళ్ళ మధ్య 350. విమానంలో గంట, వందే భారత్‌లో నాలుగు గంటల పైచిలుకు అన్న లెక్క చూసుకుని, పని మీద వెళ్ళేటప్పుడు విమానానికి, తిరుగు ప్రయాణానికి రైలుకు టికెట్లు తీసుకున్నాను. ఇంటి గుమ్మం నుంచి బస గుమ్మం వరకు పట్టిన సమయం రాసుకుని చూస్తే, విమానం వల్ల నాకు మిగిలింది ఒక్క గంట.

ఉదయం 5.50కి ఎంవీపీ కాలనీలో బయలుదేరాను. బయలుదేరే వేళకు 60 నిమిషాల ముందే చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తారు కనుక 7.50 విమానానికి ఆ మాత్రం ముందు వెళ్ళక తప్పదు. విమానం 12 నిమిషాలు ఆలస్యంగా కదిలి, 8.59కి గన్నవరంలో ఆగింది. అందులో గాలిలో ఉన్నది 44 నిమిషాలే. టికెట్ మీద వేసే ప్రయాణ సమయం నిలిచిన చోటు నుంచి కదలడంతో మొదలై, అవతల మళ్ళీ నిలిచేవరకు సాగుతుంది. విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్ళే సమయం, దిగే వరుస కోసం ఆగే సమయం అందులోనే కలిసి ఉంటాయి. గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగం అందుకునే ఏటీఆర్ (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం) అయినా, ఇంత చిన్న దూరంలో పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ చాలా భాగం పోతుంది.

అయితే ఆ 44 నిమిషాలు అపురూపమైనవి. ఏటీఆర్‌కు రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి కాబట్టి చూపుకు అడ్డం రావు. ఎడమవైపు కూర్చున్న నాకు రాజమహేంద్రవరం దగ్గర గోదావరి, దాని మీద వరుసగా వంతెనలు, దిగువన ధవళేశ్వరం ఆనకట్ట, అక్కడి నుంచి నది పాయలుగా విడిపోయి పచ్చని పొలాల్లోకి సాగిపోవడం ఒక్క చూపులో కనిపించాయి. రైల్లో వంతెన దాటుతున్నప్పుడు ఎన్నిసార్లు చూసినా నదికి ఇంత విస్తారం ఉందని తోచలేదు. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది కనుక అక్కడ ఫొటోలు తీయకూడదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

గన్నవరంలో బ్యాగు చేతికి రావడానికి 18 నిమిషాలు పట్టింది. ఏటీఆర్‌లో తలపైన అరలు చిన్నవి. చేతిలో పట్టే సంచీతో వెళితే ఈ నిరీక్షణ తప్పుతుంది. అక్కడి నుంచి గాంధీనగర్‌కు కారులో మరో 40 నిమిషాలు. పది గంటలకు బసలో ఉన్నాను.

బస విషయంలో నా అభిప్రాయం స్పష్టమే. తెల్లవారుజామున విమానం ఎక్కవలసినవారికి తప్ప గన్నవరం వైపు గది అవసరం లేదు. రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగే గాంధీనగర్‌లో గది సాదాసీదాగా ఉన్నా, తిరిగి వచ్చేటప్పుడు అరగంట ముందు బయలుదేరితే సరిపోయింది. రైల్లో తనిఖీల వరుసలు లేవు, సామాను నా కళ్ళ ముందే ఉంది, కూర్చున్న నాలుగు గంటలూ ఏకబిగిన చదువుకోగలిగాను. విమానంలో వెళ్ళిన ఉదయం అంతా పావుగంటకోసారి లేచి కదలడంతోనే సరిపోయింది.

గన్నవరంలో దిగి మరో విమానం అందుకోవలసినవారికి ఈ సర్వీసు నిజంగా మేలు. విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి నడిస్తే విజయనగరం, శ్రీకాకుళం వారికి దారి తగ్గుతుంది. విశాఖ నగరవాసులకు మాత్రం సుమారు 45 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం కలుస్తుంది కనుక, నాకు మిగిలిన ఆ ఒక్క గంటలోనూ చాలా భాగం అందులోనే కరిగిపోతుంది.