కీ పేపర్ బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయే లెక్కల సార్ ట్యూషన్: మా అమ్మాయి టెన్త్ అనుభవం

కరీంనగర్‌లో మా ఇంటికి దగ్గర్లో ఒక లెక్కల ట్యూషన్ ఉంది. బోర్డు లేదు, పాంప్లెట్లు లేవు. ప్రభుత్వ బడిలో పనిచేసి రిటైరైన సార్ ఒకాయన తన ఇంటి మేడ మీద గదిలో పొద్దున 5:30 నుంచి 7:30 దాకా పదో తరగతి పిల్లలకు చెప్తారు. 22 మందిని మించి తీసుకోరు, ఫీజు నెలకు 800. తన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అయినా ఇంత పెద్దగా ఎందుకు రాస్తున్నానంటే, మీ ఊళ్ళో పిల్లల్ని ఎక్కడ చేర్చాలా అని తిరుగుతున్నప్పుడు ఏం అడగాలో, ఏం చూడాలో తెలుస్తుందని. మాకు అది తెలియకే ఒకసారి దెబ్బ తిన్నాం.

మా పెద్దోడు 2023లో టెన్త్ రాశాడు. వాణ్ణి బాగా పేరున్న ఒక చోట చేర్చి ఏడాదికి 18 వేలు కట్టాం. ఫిబ్రవరి దాకా అంతా బాగానే ఉందనుకున్నాం. తర్వాత లెక్కలు చెప్పడం ఆపేసి, ఇవే వస్తాయని 40 ప్రశ్నలు ఇచ్చి బట్టీ పట్టించారు. లెక్కల్ని బట్టీ పట్టించారండీ. పరీక్ష ముందు రోజు సాయంత్రం వేలెడంత సైజుకు జిరాక్స్ తీసిన చిట్టీలు పంచి, బిట్ పేపర్ (చిన్న చిన్న ప్రశ్నలుండేది) సంగతి సెంటర్‌లో ఎవరో ఒకరు చూసుకుంటారులే అని ధైర్యం చెప్పారట. ఇదంతా మాకు పరీక్షలయ్యాక గానీ తెలియలేదు. ఆ ఏడాది ఏప్రిల్ 3న తాండూరులో, మర్నాడు కమలాపూర్‌లో పరీక్ష మొదలైన కాసేపటికే ప్రశ్నపత్రం ఫొటోలు వాట్సాప్‌లో బయటికి వచ్చాయి కదా, ఆ భయానికి మా వాడు లెక్కల పరీక్ష రోజు చిట్టీని గేటు బయటే పారేశాడు. కానీ లోపల మాత్రం ఎవరో వచ్చి చెప్తారేమోనని ఎదురుచూస్తూనే కూర్చున్నాడట, తనకు వచ్చిన లెక్కను కూడా నమ్మలేక కొట్టేసి మళ్ళీ రాశాడట. పాసయ్యాడు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న మొదటి నెలలోనే ఒకరోజు రాత్రి నా దగ్గరికొచ్చి "అమ్మా, నాకు వర్గ సమీకరణాలు రావు, క్లాసులో అందరికీ వచ్చు" అని ఏడ్చాడు. ఆ రాత్రి నేను మర్చిపోలేను.

అందుకే చిన్నదానికి ట్యూషన్ వెతికేటప్పుడు మా ఆయనా నేనూ నాలుగు చోట్లకు వెళ్ళాం. మూడు చోట్ల మొదటి మాటే ర్యాంకులూ మార్కులూ. ఈ సార్ మాత్రం మా పాపను పాఠ్యపుస్తకం తీసి చూపించమన్నారు. "కొత్తగా ఉందేం బిడ్డా, గైడు చదువుతున్నావా?" అని అడిగారు. అది తల వంచుకుంది.

అక్కడ గైడు తీసుకురాకూడదు. గవర్నమెంటు పుస్తకంలోని 14 అధ్యాయాలూ వాస్తవ సంఖ్యల నుంచి సాంఖ్యక శాస్త్రం దాకా ఒక్కటీ వదలకుండా చేయిస్తారు. మేమంతా దాటేసే 'ఇవి చేయండి', 'ప్రయత్నించండి', 'ఆలోచించి, చర్చించి, రాయండి' పెట్టెలు ఉంటాయి చూడండి, మొదట చేయించేవి అవే. బిట్లు చాలావరకు ఆ పెట్టెల్లో ఉన్న ఆలోచన మీదే వస్తాయంటారు. మొదట్లో చాలా నెమ్మదిగా వెళ్తున్నట్టు అనిపించింది, దసరా దాకా శ్రేఢులే (ప్రోగ్రెషన్స్ అధ్యాయం) అవ్వలేదు, నాకు టెన్షన్ మొదలై వెళ్ళి అడిగాను కూడా. "అమ్మా, డిసెంబరుకు అవుతుంది, మీరు నిమ్మళంగా ఉండండి" అన్నారు. అయింది కూడా.

ఇక ప్రతి శనివారం పెట్టే పరీక్ష గురించి చెప్పాలి. వారమంతా చెప్పిన దాని మీద పేపర్ ఇచ్చి, జవాబులున్న కీ పేపర్ తన బల్ల మీదే బోర్లా పెట్టి, కిందికి వెళ్ళిపోతారు. గదిలో పెద్దవాళ్ళెవరూ ఉండరు. ఒక శనివారం మా పాప కీ చూసింది. రెండు వరుస ధన బేసి సంఖ్యల వర్గాల మొత్తం 290 అయితే ఆ సంఖ్యలు కనుక్కోవాలి, జవాబు 11, 13. అది చూసి వేసేసింది. సార్ పేపర్లు దిద్ది ఎవర్నీ ఏమీ అనలేదు, సోమవారం ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి అదే లెక్క అంకె మార్చి ఇచ్చారు. మా పాపకు 290 బదులు 202 ఇచ్చారు. చిన్న సంఖ్య x అనుకుంటే పెద్దది x+2 అని మొదటి లైను కూడా రాయలేకపోయింది. ఆయన తిట్టలేదు, తన దగ్గర కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చెప్పారు, 9, 11 వచ్చేదాకా లేవనివ్వలేదు. ఇంటికొచ్చి నాకు తనే చెప్పుకుంది, నేను అడక్కుండానే. ఆ తర్వాత మళ్ళీ కీ ముట్టలేదని నాకు తెలుసు, ఎందుకంటే నవంబరులో ఒక పరీక్షలో 40కి 13 తెచ్చుకుని ఆ పేపర్ దాచకుండా నాకు చూపించింది.

రెండోది తప్పుల నోటు. తప్పు చేసిన ప్రతి లెక్కనూ వేరే నోట్‌బుక్‌లో మళ్ళీ రాసి, ఏ లైనులో తప్పు మొదలైందో పక్కన సొంత మాటల్లో రాయాలి. మా పాప నోటు తిరగేస్తే సగం చోట్ల 'మైనస్ గుర్తు వదిలేశాను' అనే ఉంది. పరీక్షకు ముందు రోజు అది చదివింది ఆ నోటు ఒక్కటే, రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంది. పెద్దోడి అప్పుడు ఇంట్లో ఎవరం నిద్రపోలేదు.

జనవరి నుంచి ఆదివారాలు అసలు పరీక్ష లాగే మూడు గంటలు కూర్చోబెడతారు. 60 మార్కుల పార్ట్ ఎ, చివరి అరగంటలో 20 మార్కుల పార్ట్ బి, అంటే బిట్ పేపర్. ఆ చివరి అరగంట సంగతి టెన్త్ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తెలుసు, హాల్లో గుసగుసలు మొదలయ్యేది అప్పుడే. సార్ దాన్ని దాచిపెట్టకుండా పిల్లలతో మాట్లాడారు. పక్కవాళ్ళు అడిగితే ఏం చేయాలి, ఇన్విజిలేటరే చెప్తానంటే ఏం చేయాలి అని. మాల్‌ప్రాక్టీస్ మీద 1997లోనే 25వ నంబరు చట్టం ఉందనీ, దొరికితే డిబార్ అవుతారనీ చెప్పారు గానీ భయపెట్టింది తక్కువ. ఎక్కువగా చెప్పింది ఏమిటంటే, 20 బిట్లలో 12 మీకు సొంతంగా వస్తే ఆ 12 మీవి, మిగతా 8 కోసం చెవి అటు పెడితే ఆ 12లో కూడా నాలుగు పోతాయని. మా పెద్దోడికి అచ్చం అలాగే జరిగింది కాబట్టి ఆ మాట వింటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒకవేళ ఫెయిలైనా జూన్‌లో సప్లిమెంటరీ ఉంటుంది, దాని కోసం కూడా తనే ఉచితంగా చెప్తానని పిల్లలందరి ముందూ అన్నారు. పిల్లల భుజాల మీద నుంచి సగం బరువు అప్పుడే దిగిందనుకుంటాను.

2025 మార్చిలో పాప పరీక్షలు రాసింది, జవాబులు రాయడానికి 24 పేజీల బుక్‌లెట్ ఇవ్వడం మొదలుపెట్టింది ఆ ఏడాదే. లెక్కల్లో 80కి 66 వచ్చాయి. ఆరు మార్కుల ప్రశ్న ఒకటి పూర్తిగా రాలేదట, వచ్చినంతవరకు స్టెప్పులు రాసి వదిలేసింది. బిట్ పేపర్‌లో మూడు పోయాయి. ఏ మూడో తనకే తెలుసు, బయటికి రాగానే వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. గది చిన్నది, చాపల మీద కూర్చోవాలి, ఫిబ్రవరి చివరికొచ్చేసరికి ఆ ఒక్క ఫ్యానుకు ఊపిరాడదు. చలికాలంలో తెల్లారకముందే ఆడపిల్లను పంపాలంటే ఎవరో ఒకరం తోడు వెళ్ళాల్సిందే. లెక్కలు, కొంచెం ఫిజిక్స్ తప్ప వేరే సబ్జెక్టులు చెప్పరు. సోషల్, బయాలజీకి ప్రభుత్వ టీవీ ఛానల్ టీ-శాట్ విద్యలో పాఠాలు చూసుకోమన్నారు, మా పాప చూసింది కానీ సోషల్‌లో తను అనుకున్నన్ని రాలేదు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు పదాలు మొదట్లో తెలుగులోనే చెప్తారు, 'శ్రేఢి' అంటే ఏమిటో తెలియక మా పాప రెండు వారాలు తికమకపడింది. ఫోన్ చేస్తే ఎత్తరు, వెళ్ళి కలవాల్సిందే. వీటన్నిటికీ కలిపి ఒక స్టార్ తగ్గించి 5కి 4 ఇస్తున్నాను.

ఇలాంటి చోటు దొరికితే జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే వెళ్ళి అడగండి. మా పక్కింటివాళ్ళు జనవరిలో వెళ్తే, రెండు నెలల్లో తను చేయగలిగింది ఏమీ లేదని సార్ డబ్బు తీసుకోకుండా పంపేశారు. వెళ్ళేటప్పుడు 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కులు రెండు కొనండి, ఒకటి లెక్కలకు, ఇంకోటి తప్పులకు. మా పాపకు తప్పులదే ముందు నిండిపోయింది.