నోబిలే ఆర్కిడ్ అని డబ్బు తీసుకుని డెన్‌ఫాల్ అనే వేరే రకం ఆర్కిడ్ పంపాడు, అడిగితే బ్లాక్ చేశాడు. ఆర్కిడ్లు కొనేవాళ్లు జాగ్రత్త

గంట క్రితం, నాకు ఆర్కిడ్లు అమ్మినతను నన్ను గ్రూపులోంచి తీసేశాడు. వాట్సాప్‌లోనూ బ్లాక్ చేశాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. అయినా రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను, ఎందుకంటే ఇవాళ పొద్దున కూడా అదే ఫోటో పెట్టి "నోబిలే, ఫ్లవరింగ్ సైజ్, ఇంకా ఆరే ఉన్నాయి" అని పోస్ట్ చేశాడు. పేరు రాయను. ఆర్కిడ్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఎవరి గురించి చెబుతున్నానో తెలిసిపోతుంది. తెల్ల గోడ, దాని ముందు లేత ఊదా పూలు, ఒక్కో పూవు మధ్యలో ముదురు మెరూన్ మచ్చ. ఆ ఫోటోయే.

పోయిన ఏప్రిల్‌లో సిక్కిం వెళ్లాం. డెండ్రోబియం నోబిలే అక్కడి రాష్ట్ర పుష్పం. గ్యాంగ్‌టాక్‌లో మేం దిగిన ఇంటి వసారాలో ఒక చెట్టు మొద్దుకి కట్టి ఉంది. ఆకు ఒక్కటి కూడా లేని పాత కాడలు, కణుపు కణుపుకీ రెండేసి మూడేసి పూలు. వచ్చిన దగ్గర్నుంచీ అదే ధ్యాస. జూన్‌లో ఇతని దగ్గర రెండు మొక్కలు చెప్పాను. ఒక్కోటి 1,200, పంపడానికి 200, మొత్తం 2,600 ముందే యూపీఐ చేశాను.

డబ్బు పంపేముందు అడిగాను. "ఫోటోలో ఉన్నదేనా అండీ?" అంటే "అదే మదర్ ప్లాంట్ మేడమ్, దాని పిల్లలే ఇవి, హండ్రెడ్ పర్సెంట్ నోబిలే" అన్నాడు. "హైదరాబాద్‌లో పూస్తుందా?" అంటే వాయిస్ మెసేజ్ పెట్టాడు: "నవంబర్ నుంచి నీళ్లు పూర్తిగా ఆపేయండి మేడమ్, రాత్రి చలిలో బయటే ఉంచండి, ఫిబ్రవరిలో మొగ్గలు చూస్తారు." ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి.

నిజానికి నోబిలేకి అది చాలావరకు సరైన సలహానే. హిమాలయాల కింది కొండల్లో చలికాలం పొడిగా, చల్లగా ఉంటుంది, ఆ మొక్కకి ఆ విశ్రాంతి కావాలి. రాత్రిళ్లు 10 నుంచి 13 డిగ్రీల దాకా దిగే రోజులు కొన్ని వారాలు దొరికితేనే కణుపుల దగ్గర మొగ్గ కడుతుంది. ఆ టైంలో నీళ్లూ ఎరువూ ఇస్తూ పోతే మొగ్గ రావాల్సిన చోట పిలకలు వస్తాయి, పూలు రావు. ఇదంతా నేనూ చదివాను. అందుకే అతను చెప్పింది నమ్మాను.

వానాకాలమంతా చంటిపిల్లల్లా చూసుకున్నాను. పక్కల చిల్లులున్న మట్టి కుండీలు, బొగ్గులు, ఇటుక ముక్కలు, పైన గ్రీన్ నెట్. రెండిటికీ కొత్త కాడలు వచ్చాయి. నవంబర్ మొదటి వారంలో నీళ్లు ఆపేశాను. డిసెంబర్‌లో మా వైపు రాత్రులు బాగా చల్లబడ్డాయి. మొక్కలు బాల్కనీలోనే ఉంచాను, లోపలికి తేలేదు. ఆకులు పసుపు తిరిగి రాలడం మొదలైతే సంతోషపడ్డాను. నోబిలే పాత కాడలు పూసేముందు ఆకులు రాలుస్తాయి కదా, దారిలో పడిందనుకున్నాను. ఇంట్లో వాళ్లు "ఎండిపోతోంది, కాసిన్ని నీళ్లు పోయవే" అంటే వద్దని నేనే ఆపాను. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది.

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి కాడలు ముడతలు పడి, వాడిన చెరుకు ముక్కల్లా ఉన్నాయి. భయమేసి, విశాఖలో చాలా ఏళ్లుగా ఆర్కిడ్లు పెంచే ఒక అక్కకి ఫోటోలు పెట్టాను. రెండు నిమిషాల్లో ఫోన్ చేసింది. "అన్నిటికన్నా పాత కాడ చివర దగ్గరగా ఫోటో తీసి పెట్టు" అంది. తీసి పెట్టాను. "ఇది నోబిలే కాదమ్మా, డెన్‌ఫాల్. ముందు లేచి వెళ్లి నీళ్లు పోయి, తర్వాత మాట్లాడుకుందాం" అంది.

ఆ కాడ చివర ఏముందో చెప్తాను. అగ్గిపుల్లంత ఎండిన మోడు. పైభాగం బ్లేడుతో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంది. అది పూలగెల కోసేసిన మోడు. నోబిలేకి పూలు కాడ పొడవునా కణుపుల దగ్గర వస్తాయి. డెన్‌ఫాల్‌కి కాడ కొసన పొడవాటి గెల వస్తుంది. అంటే ఈ మొక్క అతని దగ్గర ఉండగానో, అతను తెచ్చిన చోటో ఒకసారి పూసింది. ఆ గెల కోసేసి, నోబిలే అని పేరు పెట్టి నాకు పంపారు. పొరపాటున మారిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రెండు మొక్కలకీ అదే మోడు, అదే కోత. ఏడు నెలలుగా ఆ మోడు నా కళ్లముందే ఉంది. వారం వారం దాని పక్కనున్న ఆకులు తడిగుడ్డతో తుడిచాను. ఒక్కసారి కూడా ఇదేంటని అడగలేదు, తప్పు నాదీ ఉంది.

డెన్‌ఫాల్ వేడి ప్రాంతపు మొక్క. దాని పూర్వీకులది ఆస్ట్రేలియా ఉత్తర కొస, న్యూగినీ. చలికాలంలో నీళ్లు కాస్త తగ్గించొచ్చు గానీ రెండున్నర నెలలు మాడ్చకూడదు. రాత్రి 15 డిగ్రీల కిందికి పోతే దానికి కష్టం. నోబిలే, డెన్‌ఫాల్ రెండూ డెండ్రోబియం ఆర్కిడ్లే, కానీ డెండ్రోబియంలో వెయ్యికి పైగా జాతులున్నాయి. ఒకదాన్ని బతికించేది ఇంకోదాన్ని చంపుతుంది. పేరు తప్పు చెప్తే సలహా అంతా తప్పుతుంది. మామూలుగా నీళ్లు పోసి, చలి రాత్రుల్లో లోపల పెట్టుంటే ఈపాటికి పూసేదేమో.

సాయంత్రం వేళ్లు చూశాను. వేరుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగితే పైపొర తొడుగులా ఊడి చేతిలోకి వచ్చేసింది, లోపల దారంలాంటి పీచు మిగిలింది. అలా ఊడితే ఆ వేరు చచ్చినట్టే. ఒక మొక్కకి అన్నీ అంతే. రెండోదానికి మాత్రం తడపగానే ఆకుపచ్చగా మారే వేళ్లు మూడున్నాయి.

తర్వాత అతనికి ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. విషయం చెప్పాను, మోడు ఫోటోలు పంపాను, డబ్బు వెనక్కివ్వకపోయినా పర్వాలేదు, ఆ పోస్ట్‌లో పేరు మార్చండి అన్నాను. అతని జవాబు: "నీళ్లు పోయకుండా చంపుకున్నది మీరు, నన్నంటారేంటి?" మీరే కదా ఆపమన్నారు, వాయిస్ మెసేజ్ ఉంది అన్నాను. ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత "ఆర్కిడ్ అందరి వల్లా కాదమ్మా, మీరు మనీప్లాంట్ పెట్టుకోండి" అన్నాడు. పక్కన ఎవరో నవ్వారు. ఫోన్ పెట్టేశాడు. నిమిషం తిరక్కుండా గ్రూపులోంచి పోయాను.

2,600 పోయినందుకు ఇంత కోపం రాదు. ఏ మొక్క పంపుతున్నాడో తెలిసి, దానికి సరిపడని సలహా ఇచ్చి, ఒక ప్రాణాన్ని నా చేత్తోనే ఎండబెట్టించాడు, ఆపైన నవ్వాడు. అది మింగుడు పడటం లేదు.

కొనేవాళ్లు ఒకటి రెండు చూసుకోండి. పూల ఫోటో చూసి డబ్బు పంపొద్దు, మీకు రాబోయే మొక్క ఫోటో ఇవాళ్టి తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి అడగండి. పాత కాడ చివర దగ్గరగా తీసిన ఫోటో కూడా అడగండి. అక్కడ మోడు ఉండి, నోబిలే అంటే వద్దనేయండి. వీలైతే దగ్గర్లోని నర్సరీలో పూసి ఉన్నదే కొనుక్కోండి. పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, నేను తీయలేదు. రేపు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కన్స్యూమర్ ఫిర్యాదు పెడుతున్నాను.

బతికిన మొక్కని లోపల కిటికీ దగ్గర పెట్టాను. అక్క చెప్పినట్టు పొద్దున పూట నీళ్లు, ఎరువు ఇప్పుడే వద్దంది. ఇదే ఫోటోతో, ఇదే మాటతో మొక్క కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి, ముఖ్యంగా ఇప్పుడు నీళ్లు ఆపేసి ఉన్నవాళ్లు. ముందు కాడ చివర చూసుకోండి. ఫిర్యాదుకి నా స్క్రీన్‌షాట్లు, వాయిస్ మెసేజ్ కావాలన్నా పంపిస్తాను.