కువైట్ షేక్ ఇంటి పాత ఊద్ అని అమ్ముతున్నారు, కొనే ముందు ఇది చదవండి

కడప, రాజంపేట, రాయచోటి వైపు అత్తర్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఇప్పుడు వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తోంది. "1982 నాటి అస్సాం ఊద్. కువైట్‌లో షేక్ ఇంట్లో ఉండింది. మా మామ వాళ్ల దగ్గర డ్రైవర్. వచ్చేటప్పుడు వాళ్లే ఇచ్చినారు. పావు తులం సీసాలు కొన్నే ఉన్నాయి." ఊద్ అంటే అగరు చెక్క నుంచి తీసే సుగంధ నూనె. నేను ఒక సీసా రూ.18,000 పెట్టి కొన్నాను. అది పాతదీ కాదు, ఊదూ కాదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే అమ్మినవాడు ముందు "ఒక వారం రాసుకుని చూడన్నా, మెల్లగా తెలుస్తుంది" అన్నాడు. ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. మొన్న ప్రొద్దుటూరులో తెలిసినవాళ్లకు అదే ఫొటో, అదే మామ కథ వచ్చింది. అందుకే రాస్తున్నా.

ఈ కథ మన దగ్గరే ఎందుకు పారుతుందంటే, మన జిల్లాలో కువైట్ మనిషి లేని వీధి ఉండదు. అక్కడి ఇళ్లల్లో ఊద్ చెక్క పొగ వేయడం, నూనె రాసుకోవడం రోజూ ఉండేదే. పని చేసేవాళ్లకు చిన్న సీసా ఇచ్చి పంపేవాళ్లూ ఉన్నారు. కాబట్టి వినగానే అబద్ధం అనిపించదు. అమ్మేవాడికి కావాల్సిందీ అంతే.

పాత ఊద్ మీద మోజు ఊరికే పుట్టింది కాదు. అక్విలేరియా చెట్టుకు పురుగు తొలిచో, గాయమయ్యో బూజు పడితే, చెట్టు తన్ను తాను కాపాడుకోవడానికి లోపల నల్లటి జిగురు ఊరిస్తుంది. ఆ జిగురు పట్టిన చెక్కే అగరు. దాన్ని ముక్కలు చేసి, రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, బట్టీ పెట్టి నూనె తీస్తారు. మన దేశంలో ఈ వ్యాపారానికి అస్సాంలోని హోజాయ్ పేరున్న చోటు. అడవి చెట్లను విపరీతంగా కొట్టేయడంతో మన అస్సాంలో పెరిగే రకాన్ని 1995లో సైటీస్ (అరుదైన జంతువులు, మొక్కల విదేశీ వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలోకి తెచ్చి, విదేశీ వ్యాపారానికి పర్మిట్లు పెట్టారు. ఇప్పుడు దొరికే దాంట్లో చాలావరకు పెరళ్లలో, తోటల్లో పెంచిన చెట్లదే. అందుకే "అడవి చెట్టు, పాత బట్టీ" అనగానే ధర ఎగురుతుంది. పైగా అస్సాం ఊద్‌కు కొత్తలో గొడ్ల చావిడి వాసన, తోలు వాసన ఘాటుగా ఉంటుంది. బాగా తీసిన నూనె అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఆవకాయ ఊరినట్టు ఆ ఘాటు సర్దుకుని, తీపి, చెక్క వాసన పైకొస్తాయి. అదంతా నిజమే. ఆ నిజాన్ని పట్టుకునే కల్తీ సరుకు అమ్ముతున్నారు.

ఇక నాకొచ్చిన సీసా. చూడ్డానికి భలే ఉంది. గాజు బిరడా, చుట్టూ ఎర్ర లక్క, గోధుమ రంగు తిరిగిన లేబుల్. లేబుల్ మూల గోటితో లేపి చూస్తే వెనకవైపు కాగితం తెల్లగా మెరుస్తోంది. టీ డికాక్షన్ పూసినట్టు రంగు పైనే ఉంది. లక్క ఎక్కడా పగల్లేదు, దుమ్ము పట్టలేదు. అసలు సంగతి అడుగున చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది: 1982, ముంబై. ఇంగ్లిష్‌లో ఆ ఊరు బాంబేగానే ఉండేది, అధికారికంగా పేరు మార్చింది 1995లో. ఇంకో సీసా ఫొటోలో ధర పక్కన ₹ గుర్తు కూడా ఉంది. ఆ గుర్తు వచ్చిందే 2010లో! మోసం చేసేవాడికి కూడా కాస్త ఓపిక ఉండొద్దా?

పెద్ద దర్గా దగ్గర ఏళ్లుగా అత్తర్లు అమ్మే ఒక సాయిబు గారికి చూపించాను. పుల్లతో ముంజేతికి రాసుకుని, కాసేపు ఏం మాట్లాడలేదు. "ఎవరిచ్చినారు నాయనా నీకిది? దీంట్లో ఊద్ వాసన ఉంది గానీ ఊద్ లేదు" అన్నారు. నాకూ అదే అనుమానం. పొద్దున రాసుకుంటే గులాబీ, కుంకుమపువ్వు కలిసిన ఘాటు ఒకటి గుప్పుమంది. సాయంత్రం దాకా అదే వాసన, ఇసుమంత మార్పు లేదు. అసలైన ఊద్ గంటగంటకీ మారుతుంది, స్నానం చేసినా మణికట్టు మీద ఎక్కడో తగులుతూనే ఉంటుంది.

ఆ అమ్మేవాడు పంపే వీడియోలో నీళ్లలో చుక్క వేసి "చూడండి, కలవలేదు" అంటాడు. లిక్విడ్ పారాఫిన్ కూడా నీళ్లలో కలవదు. సెంట్లను పల్చన చేయడానికి వాడే డైఇథైల్ థాలేట్ కూడా కలవదు. కాగితం మీద మరక చూపించడమూ అంతే, దాంతో తేలేది ఏమీ లేదు. నేను ల్యాబ్‌లో జీసీ-ఎంఎస్ పరీక్ష (నూనెలో ఏయే రసాయనాలున్నాయో విడదీసి చూపేది) చేయిస్తే, సీసాలో ఎక్కువ భాగం ఆ థాలేటే అని వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎఫ్‌డీసీ 1991 నుంచి ఉంది, సుగంధ తైలాలకు అక్కడ కూడా డబ్బు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ పరీక్షలో కల్తీ దొరుకుతుంది గానీ, నూనె ఏ సంవత్సరానిదో తేలదు. అంటే "1982" అనే అంకెకు మీరు ఇచ్చే డబ్బంతా అమ్మేవాడి నోటిమాటకు ఇస్తున్నట్టే. కాబట్టి కొత్త నూనె అయితే ఎంతకు కొంటారో అంతకు మించి ఇవ్వొద్దు. అడిగినప్పుడు పరీక్షకు కాస్త నూనె ఇవ్వనివాడి దగ్గర అదీ వద్దు.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఇలా వరసబెట్టి అమ్మేవాడు ఎక్కడున్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే, అంటే కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు కూడా లేదు. నేను వేస్తున్నాను. ఇదే సీసా కొన్నవాళ్లు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వేద్దాం. లేబుల్ ఫొటోలు, యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. గొడవ మొదలవగానే అతను తన మెసేజ్‌లన్నీ అవతలివైపు కూడా డిలీట్ చేసేస్తున్నాడు.