బలాల మీద నిలబెట్టే మూడు రోజుల శిక్షణ: అనంతపురం చిన్న సంస్థలకు పనికొస్తుందా?

అనంతపురంలో స్వచ్ఛంద సంస్థల సిబ్బందికి ఇస్తున్న మూడు రోజుల శిక్షణ ఇది. పద్ధతి మాత్రం పాతదే. 1987లో డేవిడ్ కూపర్‌రైడర్, సురేశ్ శ్రీవాస్తవ అమెరికాలో రాసిన వ్యాసంతో మొదలైన అప్రిసియేటివ్ ఎంక్వయిరీ. దక్షిణాది పల్లెల్లో మైరాడా అనే స్వచ్ఛంద సంస్థ కూడా దీన్ని వాడి చూసింది. లోపాల చిట్టా రాసుకోవడం ఆపి, ఇప్పటికే బాగా నడుస్తున్నదేదో పట్టుకుని పెంచుకోమంటుంది.

మొదటి రోజుకే పెట్టిన డబ్బులు గిట్టుబాటు అవుతాయి. లెక్కలు చూసే మనిషిని ఫీల్డ్ వర్కర్‌తో, డ్రైవర్‌ను కోఆర్డినేటర్‌తో జంట కడతారు. ఒకరు ఇరవై నిమిషాలు అడిగితే, తర్వాత రెండోవారు అడుగుతారు. "మీ బలం ఏంటి" అని అడగరు. అలా అడిగితే "అంకితభావం సార్" అంటారు, దాంతో ఏం చేసుకుంటాం? "మూడేళ్లలో ఎవరూ వెంటపడకుండానే బాగా జరిగిపోయిన పని ఏది? ఆ రోజు ఎవరు ఎవరికి ఫోన్ చేశారు?" అంటారు. అప్పుడు కరువులో పశుగ్రాసం ఎక్కడ దొరుకుతుందో తెలిసింది డ్రైవర్‌కేనని, పొదుపు సంఘం పుస్తకం తప్పుల్లేకుండా రాసే అమ్మాయి పేరు ఏ రిపోర్టులోనూ లేదని బయటపడుతుంది. డైరెక్టర్ ముందుగా మాట్లాడితే మాత్రం మిగతావాళ్లంతా తలలూపుతారు, రోజు దండగ. ఆయన్ను సాయంత్రం రమ్మనడమే మేలు.

రెండో రోజు తేలిపోయింది. రంగు చార్టుల మీద సంస్థ భవిష్యత్తు కోరికలు రాయించారు: సొంత భవనం, జీపు, వంద ఊర్లు. ప్రతి కోరిక కింద దానికి ఆధారమైన పాత పని ఒకటి రాయించాలి, రాయలేనిదాన్ని కొట్టేయాలి. శిక్షకులు మొహమాటపడి అన్నీ ఉంచేశారు.

మూడో రోజు ప్రణాళిక. మూడు పనులకు మించి ఒప్పుకోరు, ఒక్కో పనికి ఒకే మనిషి, గడువు తొంభై రోజులు. ఇంతవరకు బాగుంది. ఫారంలో డబ్బు గడే లేదు! ఆటో ఖర్చు ఎవరిస్తారో తేలని పని రెండో వారానికే ఆగిపోతుంది.

అసలు లోటు వేరే ఉంది. చట్టపరమైన పనుల ఊసే లేదు. 80జీ (దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించే గుర్తింపు) ఉన్న సంస్థ దాతల వివరాలతో ఫారం 10బీడీ మే 31లోపు, విదేశీ నిధులు తీసుకునే సంస్థ వాటి వార్షిక రిటర్ను ఎఫ్‌సీ-4 డిసెంబర్ 31లోపు వేయాలి. వీటికి క్యాలెండర్, బాధ్యుడు ఉండాలి. బలాల చర్చతో ఇవి తీరవు. నగదు లెక్క తేడా ఉన్న సంస్థ కూడా ముందు ఆడిట్ చేయించుకుని ఆ తర్వాతే ఇటు రావాలి. లేదంటే మంచి మాటల కింద ఆ తేడా దాక్కుంటుంది.

పది, పదిహేను మంది సిబ్బంది ఉండి, జీతాలు సరిగ్గా అందుతున్న సంస్థ అయితే పంపొచ్చు. ఒక్కరిని పంపితే ఉపయోగం లేదు, కనీసం నలుగురు వెళ్లాలి, అందులో అకౌంటెంట్ తప్పనిసరి. రెండు నెలల తర్వాత శిక్షకులు మీ ఆఫీసుకొచ్చి చూసిపోవడం ఫీజులో కలిసి ఉందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి.