డన్‌లాప్ ప్రతి కోసం వెళ్తే ముందు ఫిలడెల్ఫియా, తర్వాతే వాషింగ్టన్

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తొలి ముద్రణల మీద మోజున్నవాళ్లు నేరుగా వాషింగ్టన్ వెళ్తుంటారు. అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నది చేత్తో రాసిన తోలు ప్రతి. సిరా వెలిసిపోయింది, గదిలో వెలుతురు తక్కువ, ఫొటోలు తీయనివ్వరు. దండం పెట్టుకోవడానికి బాగుంటుంది గానీ, అచ్చు ప్రతుల సంగతి అక్కడ పెద్దగా తెలియదు.

ఫిలడెల్ఫియా ఇండిపెండెన్స్ హాల్ వెస్ట్ వింగ్‌లో ముద్రాపకుడు జాన్ డన్‌లాప్ 1776 జులై 4 రాత్రి అచ్చువేసిన ప్రతి ఉంది. దాదాపు 200 వేశాడని అంచనా, మిగిలినట్టు తెలిసినవి 26. అడుగుభాగం చూడండి. కాంగ్రెస్ అధ్యక్షుడు జాన్ హాంకాక్, కార్యదర్శి చార్లెస్ థామ్సన్ పేర్లు అచ్చక్షరాల్లో ఉంటాయి, సంతకాలుండవు. తోలు ప్రతి మీద సంతకాలు మొదలైంది ఆగస్టు 2న. సంతకందారుల పేర్లతో తొలిసారి అచ్చేసింది 1777 జనవరిలో, బాల్టిమోర్‌లో, మేరీ కేథరిన్ గొడార్డ్. అందుకే 56 సంతకాలున్న కాగితాన్ని ‘జులై 4 నాటిది’ అని చూపిస్తే బేరమాడకుండా వచ్చేయొచ్చు.

హాల్ లోపలికి సాధారణంగా టైమ్ టికెట్ కావాలి, ఆన్‌లైన్ బుకింగ్ రుసుము 1 డాలర్. పెద్ద బ్యాగులతో తనిఖీ దగ్గర ఇబ్బంది. ఓల్డ్ సిటీలో దిగితే అన్నీ నడిచే దూరమే. న్యూజెర్సీలోని మనవాళ్లకైతే బస అక్కర్లేదు, పొద్దున వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. పాతకాలపు అచ్చు పద్ధతిని చేసి చూపించే ఫ్రాంక్లిన్ కోర్ట్ ప్రెస్‌ను మాత్రం వదలొద్దు. అక్షరం కాగితంలోకి దిగి వెనకవైపు ఉబ్బు తేలడం ఒక్కసారి చూస్తే అలాంటి ఒత్తిడి గుర్తులు లేని నేటి ఆఫ్‌సెట్ నకలు మిమ్మల్ని మోసం చేయజాలదు. ముందుగా వేళలు కనుక్కుని వెళ్లండి.

డన్‌లాప్ ప్రతి సామాన్యుడికి అందేది కాదు, 2000లో ఒకటి 81.4 లక్షల డాలర్లకు పోయింది. సేకరణకు వీలైనది చారిత్రక పత్రాల సంకలనకర్త పీటర్ ఫోర్స్ తన గ్రంథం కోసం పలుచని కాగితం మీద వేయించినది. పుస్తకంలో మడిచి పెట్టినది కాబట్టి మడతలు లేకపోతే అనుమానించాలి. ఎడమవైపు కింద అచ్చు రేకు చెక్కిన డబ్ల్యూ.జె. స్టోన్ పేరుంటుంది. అదే స్టోన్ 1823లో తోలు మీద వేసిన అసలు ముద్రణలో ఆ పేరు పైన, అప్పటి విదేశాంగ మంత్రి జె.క్యూ. ఆడమ్స్ పేరుతో పాటు కనబడుతుంది. ధరలో తేడా బోలెడు.

న్యూయార్క్ వేలం సంస్థలు వేలానికి ముందు పెట్టే ప్రదర్శనలకు (ప్రివ్యూలకు) సాధారణంగా ప్రవేశం ఉచితం. ఫ్రేమ్‌లోంచి తీసి చూపమని అడగండి. అద్దం వెనక అతుకులు, కత్తిరించిన అంచులు కనబడవు. పాడిన ధర మీద కొనుగోలుదారు రుసుము పాతిక శాతం దాకా, ఒక్కోసారి ఆపైనా పడుతుంది. దాన్ని కలుపుకునే చెయ్యెత్తాలి.