రక్తపు స్లైడా, యాంటీబాడీ పరీక్షా?

ములుగు జిల్లా ఏటూరునాగారం, తాడ్వాయి అడవి పల్లెల్లో మలేరియా జాడ తెలుసుకోవాలంటే రెండు దారులున్నాయి. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను గాజు పలక (స్లైడు) మీద పరచి మైక్రోస్కోపు కింద పరాన్నజీవిని వెతకడం ఒకటి, ఆ జీవి ప్రోటీన్లపై మన శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను కొలవడం మరొకటి.

జ్వరంతో వణుకుతున్న మనిషికి కావలసింది స్లైడే. ఏ రకం మలేరియా, ఎంత తీవ్రం అన్నది అదే చెబుతుంది, మందూ దాన్నిబట్టే. యాంటీబాడీలు ఉన్నంత మాత్రాన ఇప్పుడు జబ్బున్నట్టు కాదు.

ఊరి సంగతి వేరు. స్లైడుకు దొరికేది ఆ పూట రక్తంలో ఉన్నదే. కాలేయంలో నిద్రాణంగా ఉన్న వైవాక్స్ రకం మలేరియా పరాన్నజీవి దానికి చిక్కదు. ఎర్ర రక్తకణంలోకి చొరబడటానికి పరాన్నజీవి వాడుకునే ఎంఎస్‌పీ-1, ఏఎంఏ-1 ప్రోటీన్లపై పుట్టిన యాంటీబాడీలు మాత్రం పదేపదే మలేరియా బారినపడ్డ పెద్దల్లో ఏళ్ల తరబడి నిలుస్తాయి. పిల్లల్లో త్వరగా తగ్గిపోతాయి. పెద్దల్లో మెండుగా ఉండి, ఐదేళ్ల లోపువారిలో దాదాపు లేకపోతే, వ్యాప్తి ఇటీవల తగ్గిందనడానికి అది గట్టి ఆధారం. పసికందులను ఈ లెక్కలో కలపకూడదు, వాళ్ల ఒంట్లో తల్లి ఇచ్చిన యాంటీబాడీలుంటాయి.

ఇవి ఉత్త గుర్తులూ కావు. గాంబియాలో పెద్దల రక్తం నుంచి వేరుచేసిన యాంటీబాడీలను జబ్బుపడ్డ పిల్లలకిస్తే పరాన్నజీవులు బాగా తగ్గాయని 1961లోనే తేలింది.

నన్నడిగితే, చికిత్సకు స్లైడును వదలకూడదు. దోమతెరలు ముందు ఏ గూడేనికి పంపాలో తేల్చుకోవడానికి మాత్రం పిల్లల యాంటీబాడీలనే నమ్ముతాను. ఫిల్టర్ కాగితంపై ఆరబెట్టిన చుక్కను వరంగల్ పంపడం కష్టమేమీ కాదు.